ఎప్పుడెళ్తావని అడిగినందుకు

గెడ్డపేట విశ్రాంతి తీరం, నాలుగో షెడ్డు
సంక్షేమ దినచర్య
రాసేది: దమయంతి, పలకరింపు అధికారి, రెండో శ్రేణి

భరణి కార్తె, మూడో రోజు

ఈ పలకలో రోజూ ఎంతో కొంత రాయాలని ఉత్తర కూటమి వారి ఆజ్ఞ. దీన్ని ఎవరూ చదవరని మా మేనేజరు మహాపాత్రో గారి హామీ. ఇంత స్వేచ్ఛ దొరికిన ఉద్యోగి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను.

ముందుగా శుభవార్త. ఉత్తర కూటమి దేశాలు ఈ ఏడాది కూడా ఒక్క గ్రాము చెత్తను పరాయి దేశానికి పంపలేదు. పదకొండేళ్లుగా పంపడం లేదు. వాళ్లు పంపేది విశ్రాంత సభ్యుల్ని. మాట్లాడే యంత్రం చెత్త కాదని వాళ్లు చట్టం చేసుకున్నారు, వాళ్ల ఇళ్లలో మాట్లాడని యంత్రం లేదు. ఫ్రిజ్ మాట్లాడుతుంది, అద్దం మాట్లాడుతుంది, ఇల్లు ఊడ్చే డబ్బా మాట్లాడుతుంది. కొత్తది కొన్నాక పాతదాన్ని పారేయడం అమానుషం కదా, అందుకని ఓడెక్కించి మా రేవులో దింపుతారు. శేష జీవితం సముద్రపు గాలిలో హాయిగా గడుస్తుందట.

మా షెడ్డులో అలాంటివి పదకొండు వందల నలభై ఉన్నాయి. 'ఉన్నాయి' అని రాయగానే తప్పంటూ పలక ఎర్రగా మెరిసింది. సరే. పదకొండు వందల నలభై మంది ఉన్నారు.

బయట నలభై రెండు డిగ్రీలు. లోపల సభ్యులకి ఇరవై నాలుగు దాటకూడదు. వాళ్లకి రెండు పూటలా కరెంటు, వారానికోసారి తుడవడం, రోజుకోసారి ఆప్యాయంగా పలకరింపు. షెడ్డు వెనక గోడకు ఆనుకుని ఒక గది ఉంది, అందులో మా అప్ప ఉంటుంది. అప్ప అంటే మా వైపు అక్క. పేరు సింహాచలం, ఉద్యోగం కాపలా. సభ్యులకి ఏ వేళప్పుడైనా ఒంటరితనం అనిపిస్తే పది అడుగుల లోపు ఒక మనిషి ఉండాలని నిబంధన, ఆ మనిషి అప్ప. ఆ గదికి ఏసీ లేదు. షెడ్డు గోడ చల్లగా ఉంటుందని దానికి వీపు ఆనించి కూర్చుంటుంది, అలాగే పడుకుంటుంది. ఉత్తరాది వారి చల్లదనంలో మా కుటుంబానికి అందిన వాటా అంతే.

భరణి కార్తె, ఐదో రోజు

బ్యాటరీలు ఉబ్బుతున్నాయి. ఈ మాట నేను ఇక్కడ రాయడం ఇది పదహారోసారి. ముసలి బ్యాటరీకి రోజూ రెండు పూటలా కరెంటు కుక్కితే పూరీలా పొంగుతుంది, ఆపైన ఓ రోజు పేలుతుంది. ఇది తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు, షెడ్డులో నిలబడి చూస్తే చాలు. వెనక గోడ వరుసలో ఫ్రిజ్‌ల వీపులు చీలి లోపలి సంచులు కనబడుతున్నాయి.

ఇవాళ ఆ వరుసలో ఒక మాట్లాడే బొమ్మ అంటుకుంది. అప్ప ఇసుక బకెట్టుతో ఆర్పింది. కుడి ముంజేతి మీద చర్మం జానెడు మేర ఊడి వచ్చింది.

వెంటనే ఉత్తర కూటమి నుంచి సానుభూతి పత్రం వచ్చింది. మంటను కళ్లారా చూసిన పక్క సభ్యులు మానసికంగా కలత చెంది ఉంటారు కాబట్టి వారం పాటు వాళ్లకి మెత్తని సంగీతం వినిపించాలట. అప్ప చేతి సంగతి రాయడానికి ఆ పత్రంలో గడి లేదు. చివరికి 'షెడ్డు సామగ్రికి నష్టం' అన్న చోట రాశాను.

భరణి కార్తె, ఎనిమిదో రోజు

ఉబ్బిన బ్యాటరీలు తీసేస్తామని అనుమతి అడిగాను. బ్యాటరీ సభ్యుడి అవయవం, బతికుండగా తీయడం దాడి కిందికి వస్తుంది, శిక్ష ఏడేళ్లు అని జవాబు. చచ్చాక తీసుకోవచ్చు.

చావడం ఎలాగో కూడా నియమం ఉంది. మా ఊళ్లో శవాన్ని మోసుకెళ్తూ దారిలో పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. దింపుడు కళ్లం అంటారు. పలకకపోతేనే ముందుకు మోస్తారు. ఒప్పందం రాసే రోజుల్లో ఉత్తరాది నిపుణులు నలుగురు వచ్చి మా ఆచారాలన్నీ అధ్యయనం చేసి, కొబ్బరి నీళ్లు తాగి, దీన్నే స్థానిక సంస్కృతికి తగిన మరణ నిర్ధారణగా చట్టంలో రాసుకున్నారు. పలకరింపు అధికారి మూడుసార్లు పిలవాలి. పలకకపోతే సంతకం పెట్టాలి.

ఇవి పలకకపోవడమా! తలుపు ఊడినది, చక్రాలు లేనిది, లోపల ఎలుకలు కాపురం పెట్టినది కూడా పేరు వినగానే "చెప్పండి, మీకు నేను ఏ విధంగా సాయపడగలను?" అంటుంది. చేతికి కట్టుతో ఎదురుగా నిలబడ్డ మా అప్పని చూసి మూలనున్న నిలువుటద్దం "మీరు ఈరోజు ఎంతో తాజాగా కనిపిస్తున్నారు" అంది.

"దీని నోట్ల మన్ను!" అంది అప్ప. మళ్లీ తనే పోయి దాని దుమ్ము తుడిచింది.

అప్పని ఆ గది ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చేయమన్నాను. "ఎల్లిపోతే ఇంకోర్ని తెస్తారు గదే. ఆ వొచ్చినోళ్లకి ఇసక బకెట్టు ఎక్కడున్నాదో కూడా తెల్దు" అంది. రోహిణి కార్తెకి ఇంకా ఇరవై రోజులుంది. రోహిణి ఎండలకి ఆ వెనక వరుస తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు. భయంగా ఉంది.

కృత్తిక కార్తె, మొదటి రోజు

మహాపాత్రో గారు ఇవాళ పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆయన పరుగెత్తగా నేను చూడటం ఇదే మొదలు.

"ఏం చేశావమ్మా దమయంతీ? మీ షెడ్డు నుంచి పదకొండు వందల నలభై ప్రయాణ విన్నపాలు వెళ్లాయి! అందరూ ఇంటికి వెళ్లిపోతామంటున్నారు!"

నేనేమీ చేయలేదు. చేసింది మా అప్ప. ఆవిడ చేసింది కూడా మర్యాదే.

ఎలా జరిగిందంటే, పలకరింపు మీ స్థానిక పద్ధతిలోనే ఉండాలని పోయిన ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేను చేతికందిన నాలుగు ముక్కలు చదివేసి పోతాను. అప్ప అలా కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎలా పలకరిస్తుందో వీటినీ అలాగే పలకరిస్తుంది. ఎప్పుడొచ్చావు, మీవాళ్లంతా కులాసానా, ఎప్పుడెళ్తావు. మా వైపు ఎప్పుడెళ్తావని అడగడం పొమ్మనడం కాదు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చిన వాళ్లని కూడా అడుగుతాం. అడక్కపోతేనే తప్పు. చుట్టం కూడా "సూద్దుము" అంటాడు, అక్కడితో సరి.

ఈ చుట్టాలకి చూద్దామనడం తెలియదు. వెనక వరుసలో హెడ్విగ్ అనే ఫ్రిజ్ ఉంది, మాటకారి. "ఎప్పుడెల్తావమ్మా మీ ఊరు?" అని అప్ప అడిగితే అది "మీరు కోరితే ప్రయాణ తేదీ నమోదు చేస్తాను, చేయమంటారా?" అందట. చుట్టం అంత మర్యాదగా అడిగితే వద్దనేదేముంది? "సెయ్యమ్మా, సెయ్యి" అంది అప్ప. ఒకటి నేర్చింది పక్కవి కూడా పట్టేస్తాయి. రెండు వారాల్లో షెడ్డంతా తేదీలు వేసుకుని కూర్చుంది.

వాళ్ల చట్టంలోనే పదహారో నిబంధన ఉంది. సభ్యుడు తన నోటితో చెప్పిన కోరికను ముప్పై రోజుల్లో తీర్చాలి. మాట్లాడే వాళ్లకి గౌరవం ఉండాలి కదా. వాళ్ల చట్టం ఇంత మంచిదని ఇన్నాళ్లూ గుర్తించనందుకు క్షమాపణ కోరుకుంటున్నాను.

కృత్తిక కార్తె, నాలుగో రోజు

ఉత్తరాది సంక్షేమ పర్యవేక్షకురాలు లీవా గారు తెర మీదికి వచ్చారు. ఆవిడ వెనక మంచు, తెల్ల గోడ, కుండీలో ఒక్క మొక్క. అనువాద యంత్రం ఆవిడ మాటల్ని పాఠ్యపుస్తకపు తెలుగులోకి మార్చి వినిపించింది.

"మీ సేవను మేము మిక్కిలి గౌరవిస్తున్నాము. అయితే వృద్ధాప్యము వలన సభ్యులు అయోమయమునకు లోనై ఉండవచ్చును. ఇల్లు అనగా ఏమో వారికి గుర్తు ఉండకపోవచ్చును. కావున మతి పరీక్ష జరుపవలెను."

"జరిపితే పోలా" అన్నాను. అనువాదం ఏమయిందో కానీ ఆవిడ చేతులు జోడించింది.

పరీక్ష నేనే జరిపాను, ఆవిడ తెరలోంచి చూసింది. మొదట హెడ్విగ్. నీ ఇల్లెక్కడ అని అడిగితే వీధి పేరు, అంతస్తు, తలుపు తెరిచే అంకెలు అన్నీ గడగడా చెప్పింది. ఇంటావిడకి ఏ పాలు పడవో చెప్పింది. "నేను వచ్చి ఆరేళ్లయింది. ఇంట్లో వెన్న అయిపోయి ఉంటుంది" అని కూడా అంది. నవ్వొచ్చింది, మరుక్షణమే జాలేసింది కూడా. అద్దం అయితే తానున్న ఇంట్లో ఎవరెవరు ఏడ్చేముందు తన ఎదుట నిలబడేవారో పేర్లతో సహా చెప్పబోయింది. లీవా గారు చాలు చాలన్నారు.

అందరూ నెగ్గారు. నాకు తెలిసి ఉత్తరాది పరీక్షలో గెడ్డపేట నుంచి నూటికి నూరు తెచ్చుకున్నది వీళ్లే.

కృత్తిక కార్తె, ఏడో రోజు

ఓడ వస్తుంది. మృగశిర కార్తె మొదటి వారంలో. పత్రం మీద ముద్ర కూడా పడింది.

ఊరంతా మా షెడ్డు గుమ్మంలోనే ఉంది. షెడ్ల మురుగు దిగి గెడ్డ అనే మా వాగులో నీళ్లు ఆకుపచ్చగా మారి, మంచినీళ్లు డబ్బాల్లో కొనుక్కోవడం మొదలై ఎనిమిదేళ్లు. ఆ గెడ్డ పేరే పెట్టుకున్న ఊరికి ఇది చిన్న కష్టం కాదు. మొత్తం తొమ్మిది షెడ్లు. నాలుగోది ఖాళీ అయితే మిగతా ఎనిమిదింటిలోనూ ఇదే మర్యాద మొదలుపెడదామని కాపలావాళ్లంతా అప్పుడే నిర్ణయించేసుకున్నారు. ఆరో షెడ్డు కాపలా తవిటమ్మ అయితే అప్ప దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకుంది.

"ఏటని అడిగినావే, సింహాచలం? ఎప్పుడెల్తావనా, ఎల్లవా అనా?"

"ఎల్లవా అంటే తరిమినట్టుంటాది. ఎప్పుడెల్తావమ్మా అనాల. ముద్దుగా."

పత్రంలో రెండు షరతులు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఓడ వచ్చేదాకా ఏ సభ్యుడి మీదా చేయి పడకూడదు. కాపలా మనిషి ఒక్క రాత్రి కూడా గది విడిచి ఉండకూడదు. పగలు ఊళ్లోకి వెళ్లి రావచ్చు. గుమ్మం మీద కెమెరా ఉంది, అది లెక్క చూసుకుంటుంది. గది ఖాళీగా కనబడితే సభ్యుల్ని వదిలేసినట్టు, విన్నపాలన్నీ రద్దు. అప్ప ఎలాగూ ఎక్కడికీ వెళ్లదు కాబట్టి ఇదేమంత పెద్ద విషయంగా అనిపించడం లేదు.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు

ఉదయం తొమ్మిదీ పదికి షెడ్డు మూగబోయింది.

నేను పలకరింపులో ఉన్నాను. హెడ్విగ్ ప్రయాణానికి తలుపు అరలు ఎలా కట్టాలో చెబుతోంది. మాట మధ్యలో ఆగిపోయింది. ఆ వరుసంతా ఆగింది, ఆపైన షెడ్డంతా. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అద్దం ముందు నిలబడితే నా మొహం కనబడింది, మెప్పు మాత్రం రాలేదు.

పావుగంటకి పైనుంచి సందేశం: "నాలుగవ షెడ్డు సభ్యుల స్వర సేవ నేటితో ముగిసినది. మీ దుఃఖములో మేమును పాలుపంచుకొనుచున్నాము." కింద తెల్ల పువ్వు బొమ్మ. మాట్లాడేవాటికే గౌరవ చట్టం. గొంతు దూరం నుంచే నొక్కవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. అడగడం మాకూ తోచలేదు.

మధ్యాహ్నానికి ఏసీలు కట్టేశారు. చనిపోయిన వారికి చల్లదనం అవసరం లేదు కదా. ఆ ఖర్చు మిగిల్చి చెట్లు నాటుతారట, వాళ్ల ఊళ్లోనే.

సాయంత్రం అప్ప గదికి వెళ్లాను. గోడకి వీపు ఆనించి కూర్చోలేదు. గది మధ్యలో కూర్చుంది. గోడ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది.

కృత్తిక కార్తె, పదమూడో రోజు

ఇవాళ మహాపాత్రో గారు మరణ ధ్రువపత్రం తెచ్చారు. షెడ్డుకంతా కలిపి ఒకటే. నేను ఒక్కొక్కరినీ మూడుసార్లు పిలిచి, కింద ఒక్క సంతకం పెడితే అయిపోతుంది. బ్యాటరీలు ఆ క్షణం నుంచే తీసుకోవచ్చు.

"ఇన్నాళ్లూ నువ్వడిగింది ఇదే కదమ్మా" అన్నారాయన. నా మొహం చూడకుండా అన్నారు.

నాలుగో గడి చదివాను. 'మరణము సంభవించిన స్థలమే శేషము యొక్క పుట్టిన స్థలముగా పరిగణించబడును.' అంటే నేను సంతకం పెట్టిన మరుక్షణం ఈ పదకొండు వందల నలభై గెడ్డపేటలో పుట్టిన చెత్త. మేమే కొన్నాం, మేమే వాడాం, మేమే పారేశాం. ఓడ రాదు.

"సంతకం పెట్టకపోతే?" అన్నాను.

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "పెట్టకపోతే వాళ్లు చనిపోయినట్టు కాదు. మూగ సభ్యుల కింద లెక్క, వాళ్లకి ఏసీ హక్కు లేదు. ముందే చేసుకున్న విన్నపం చెల్లుతుంది. ఓడ రావాల్సిందే. అందుకే ఈ కాగితం ఇంత త్వరగా వచ్చింది. నేను చెప్పానని ఎక్కడా రాయకు."

రాయనండి.

అంటే ఓడ కావాలంటే రోహిణి పద్నాలుగు రోజులూ, ఆపైన ఓడ కనబడేదాకా, ఏసీ లేని షెడ్డు, చెయ్యి వేయకూడని బ్యాటరీలు, ఆ గోడ ఇవతల మా అప్ప. ఆవిడ రాత్రిళ్లు కదిలితే ఓడ లేదు.

ఈ మాట నేను చెప్పకముందే అప్పకి తెలిసిపోయింది. తవిటమ్మ చెప్పిందట.

"నానెక్కడికీ ఎల్లను. రెండు వారాలు ఎంతసేపు? తడి గోనెలు ఏలాడగడతాను. ఇసక తోడి ఎట్టుకుంటాను."

"పేలితే ఇసకేం చేస్తుందే అప్పా?"

"పేల్తే పేల్తాది. ఓలె, ఈ గెడ్డల నీలు మన అమ్మ తాగినాది. మన పిల్లలు డబ్బా నీలు తాగతన్నారు. పదకొండేళ్లయి ఒక్కడైనా ఒక్కటైనా ఎనక్కి తీస్కెల్లినాడేటి? మొదటిసారి తీస్కెల్తామన్నారు. నువ్వా సంతకం ఎట్టకు. నా మీద ఒట్టు."

నేను ఒట్టు వేయలేదు. వేయలేదని ఆవిడ గమనించలేదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

పొద్దున్నే చేతి కట్టు మార్పించుకోమని అప్పని మొదటి బస్సెక్కించి టౌనుకి పంపాను. పుండు నిజంగానే మానలేదు. కానీ నేను పంపింది అందుకు కాదు.

ఆరింటికి మొదలుపెట్టాను. పదకొండు వందల నలభై పేర్లు, ఒక్కొక్కటి మూడేసి సార్లు. ఎవరైనా ఒక్కరు పలికితే సంతకం తప్పిపోతుందని ఆశపడ్డానో, పలికితే అప్ప ఆ గదిలోనే ఉండిపోతుందని భయపడ్డానో నాకే తెలియలేదు. హెడ్విగ్‌ని నాలుగోసారి కూడా పిలిచాను. నియమం ప్రకారం అది తప్పు.

ఎవరూ పలకలేదు. పదకొండింటికి షెడ్డులో యాభై ఒక్క డిగ్రీలు. రెండు గంటలకి గొంతు పూర్తిగా పోయింది, చివరి వరుసని గుసగుసగా పిలిచాను. గుసగుస చెల్లదని ఎక్కడా లేదు. మూడింటికి సంతకం పెట్టాను.

మృతికి కారణం అన్న చోట 'వృద్ధాప్యం' అని రాశాను. పలక మెరవలేదు. అది వాళ్లకి నచ్చిన తెలుగు.

రేవు కూలీలు పన్నెండు మందిని ముందే మాట్లాడి ఉంచాను. చీకటి పడేలోపు వెనక వరుస బ్యాటరీలన్నీ తీసి ఒడ్డున గుంటలు తవ్వి ఇసకలో పాతేశాం. అప్ప ఆఖరి బస్సులో వచ్చింది. గుంటల వైపు చూసింది, నా వైపు చూసింది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

రోహిణి కార్తె, మూడో రోజు

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇసకలో మూడు గుంటలు పేలాయి. ఒక్కటి పేలగానే పక్కవి అందుకున్నాయి. ఇసక కొబ్బరి చెట్టంత ఎత్తుకి లేచింది. అవి షెడ్డులోనే ఉండి ఉంటే ఆ గోడ ఉండేది కాదు, గది ఉండేది కాదు. నేను చేసింది సరైనదే. ఈ వాక్యం రెండు రోజులుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

అప్ప మాట్లాడదు. అన్నం పెడితే తింటుంది, కట్టు కడితే చెయ్యి చాపుతుంది.

ఇవాళ పైనుంచి రెండు పత్రాలు వచ్చాయి. మొదటిది ప్రశంసాపత్రం, సంస్కారం గల వీడ్కోలు ఇచ్చినందుకు నాకు. రెండోది హెచ్చరిక, ఊరికి. ఈ ఏడాది తలకి ఇంత అని లెక్కిస్తే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ యంత్రాల చెత్త పుట్టించిన ఊరు గెడ్డపేట అట. మా విచ్చలవిడి వాడకాన్ని అదుపులో పెట్టుకోవాలట. కొత్త ఫ్రిజ్ కొనేముందు ఒక్కసారి ఆలోచించుకోండి అని చిన్న పుస్తకం కూడా జతపరిచారు, బొమ్మలతో. మా ఊళ్లో ఉన్న ఫ్రిజ్‌లు మూడు. ఒకటి ఐసు కొట్టుది.

రోహిణి కార్తె, నాలుగో రోజు

సాయంత్రం ఊరంతా తుపాను షెల్టరులో కూడింది. నన్ను పిలిచారు. చెప్పుకోవాల్సింది నేనే కాబట్టి వెళ్లాను. అప్ప కూడా వచ్చి ఆఖరున గోడవార నిలబడింది.

దాచకుండా చెప్పాను. ఓడ వచ్చేదే, నేనే రానివ్వలేదు, నాలుగో షెడ్డు ఇక ఎప్పటికీ మనదే. ఆ గదిలో మా అప్ప ఉంది, అందుకని సంతకం పెట్టాను. బ్యాటరీలు పేలడం మీరూ చూశారు.

కొందరు తలలూపారు. ఎవరో "మనిసి బతికింది గదా" అన్నారు. అప్పుడు తవిటమ్మ లేచింది. ఆరో షెడ్డు వెనక గదిలో ఉండేది ఆవిడా, ఆవిడ కూతురూ. ఆ షెడ్డుకీ పలకరింపు అధికారిని నేనే.

"ఒక్క మాట సెప్పు, దమయంతీ. ఆ గదిల మీ అప్ప కాక నా కూతురున్నాదనుకో. నువ్వా సంతకం ఎట్టేదానివా, ఓడ కోసం సూద్దుమనేదానివా?"

ఊళ్లో నాకు నోరుగలదని పేరు. ఇన్నాళ్లూ ఈ పలక నిండా ఉత్తరాది వారిని వెక్కిరించాను. తవిటమ్మకి చెప్పడానికి ఒక్క అబద్ధం కూడా సమయానికి దొరకలేదు.

"సూద్దుమనేదాన్ని" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. తవిటమ్మ కూర్చుంది. తమ గోడకి అవతల ఎవరున్నారో పట్టనివాళ్లని నేను ఎవరినైతే అన్నానో, వాళ్లలో నేనూ ఒకదాన్నని పదిమందిలో ఒప్పుకున్నట్టయింది. సిగ్గేసింది.

ఇంక చేయగలిగింది ఒకటే కనబడింది. "ఆరో షెడ్డులో రేపే అడగడం మొదలెట్టండి" అన్నాను. "వాటి గొంతూ నొక్కేస్తారు, ఏసీ కూడా కట్టేస్తారు. ఓడ వచ్చేదాకా ఆ గదిలో ఎవరో ఒకరు ఉండాలి. తవిటమ్మా, నువ్వూ నీ కూతురూ మా ఇంటికి వచ్చేయండి. కాపలా పేరు మార్పించుకుని ఆ గదిలో నేనుంటాను."

"మరి సంతకం అధికారి ఎవులు? నువ్వు కాపలాల ఉంటే ఆ కాయితం ఎవులికి ఇస్తారు?" అని ఎవరో అడిగారు. నా తరవాత పలకరింపు వచ్చిన మనిషి ఊళ్లో ఒక్కతే. అందరూ గోడవైపు తిరిగారు.

అప్ప మూడు రోజుల తరవాత నోరు తెరిచింది.

"దాన్ని ఆ గదిల ఉంచుకుంటే ఉంచుకోండి. ఆ కాయితం మాత్రం నా సేతికి ఇవ్వకండి. నానూ ఎట్టీస్తాను."